కలివికోడి

కృష్ణానది దక్షిణపు టొడ్డున నున్న అమరావతీ మహాస్తూపము చాలకాలము మట్టిదిబ్బగా పడియుండెను. చుట్టుపట్లవారు దానిని దీపాలదిన్నె యనుచుండిరి. అందలి రాళ్లను గోడలకు కొనిపోయినవారును, సున్నమునకై కాల్చినవారును కలరు. వారు దుర్మార్గులు కారు. ఆ రాళ్ల విలువ వారికి తెలియదు, అంతే. 1797లో కాలిన్ మెకంజీ ఆ శిల్పములను చూచి వాటిని గూర్చి వ్రాసెను. 1845లో వాల్టర్ ఇలియట్ అను దొర దిబ్బను త్రవ్వించి పెక్కు శిల్పములను వెలికి తీయించెను. అవి మద్రాసు చేరి, పిదప లండను నగరమునకు పోయినవి.

ఈ ఇలియట్‌కు పాతరాళ్లయందు ఎంత మక్కువయో అడవి ప్రాణులయందును అంత మక్కువ. తూర్పు కనుమల అడవులలో ఉడుతను పోలియుండియు ఉడుత కాని చిన్న జంతువొకటి కలదు. దానికి 1849లో శాస్త్రజ్ఞులు ఇలియట్ పేరు పెట్టిరి. దాని శాస్త్రనామములోని మొదటి మాట మాత్రము తమిళదేశమున అడవి ప్రాంతములవారు దానిని పిలుచు పేరు నుండి పుట్టినది. ఆ ప్రజాతిలో అది తప్ప మరియొక జంతువు లేదు.

ఇలియట్ కాలమువాడే టి. సి. జెర్డన్. ఇతడు మద్రాసు సైన్యమున వైద్యుడు. నెల్లూరులో సివిల్ సర్జనుగా నున్నప్పుడు యానాదులతో పరిచయము చేసికొని, వారి వలన అడవి సంగతులెన్నో తెలిసికొనెను. నెల్లూరు, కడప సీమల కొండప్రాంతములలో అతనికి ఒక వింతపక్షి దొరకినది. 1848లో కలకత్తాలోని బ్లైత్ అను శాస్త్రజ్ఞుడు దానిని లోకమునకు తెలిపి, రెండు పట్టెడలు గలది అను అర్థము వచ్చునట్లు పేరు పెట్టెను. ఇంగ్లీషువారికి అది జెర్డన్ పేరిట ప్రసిద్ధము. తెలుగువారికి అది కలివికోడి.

పేరు కోడియే కాని ఇది కోడిజాతిది కాదు. ముక్కుకొన నుండి తోక చివర వరకు ఇరువది యేడు సెంటీమీటర్లుండును. రొమ్ముపై రెండు గోధుమవన్నె పట్టెలు, కంఠమున నారింజ చాయగల మచ్చ, కంటిపై తెల్లని గీత. కన్నులు మిక్కిలి పెద్దవి. కాలికి ముందువ్రేళ్లు మూడే, వెనుకవ్రేలు లేదు. ఎగురుటకంటె పరుగెత్తుటయే దానికి అలవాటు. పగలెల్ల కలివి, రేగు, తుమ్మ మొదలగు ముండ్లపొదల నడుమ కదలక మెదలక యుండి, చీకటి పడిన పిదప వెలికివచ్చి చెదలను, చీమలను ఏరుకొని తినును. దాని ఒంటిరంగు నేలరంగులో కలిసిపోవుటచే పగటివేళ పది అడుగుల దూరమున నున్నను కంటికి ఆనదు.

దీని చుట్టములలో దగ్గరివి ఆఫ్రికాలో నున్నవి. నడుమ సముద్రము, ఈవల తెలుగుదేశపు చిట్టడవులలో ఇది యొక్కటి. ప్రాణుల వంశములనన్నిటిని ఒక మహావృక్షముగా భావించినచో, కొన్ని కొమ్మలకు రెమ్మలు వేలకొలది యుండును. అట్టి కొమ్మనుండి ఒక రెమ్మ విరిగినను దాని పోలికగలవి పెక్కులు మిగులును. కొన్ని కొమ్మలకు మిగిలినవి ఒకటి రెండు రెమ్మలే. అవి విరిగినచో లక్షలాది సంవత్సరములు ప్రత్యేకముగా సాగివచ్చిన వంశమొకటి అంతరించును. పడమటి కనుమలలో నేలలోపల బ్రతుకు ఊదావన్నె కప్ప ఇట్టిదే. దాని బంధువులు హిందూమహాసముద్రములోని సీషెల్స్ దీవులలో నున్నవి. శాస్త్రజ్ఞులు దానిని 2003లో వర్ణించిరి. కొండవాసులు అంతకు పూర్వమే ఎరుగుదురు. పులులకు, ఏనుగులకు లభించు ఆదరము ఇట్టి ఒంటరి ప్రాణులకు లభించుట లేదని గమనించి, లండను జంతుశాస్త్ర సంఘమువారు 2007లో ఒక ప్రత్యేక ప్రణాళికను ఆరంభించిరి. ఏ ప్రాణి ఎంత ప్రమాదములో నున్నది అనుటతోపాటు, దాని వంశము ఎంత ఒంటరిది అనునది కూడ వారు లెక్కింతురు.

కలివికోడి విషయమున కష్టమేమనగా, అది ఉన్నదో లేదో తెలియుటయే గగనమైపోయినది. 1900లో అనంతపురము సమీపమున హవార్డ్ కాంబెల్ దానిని చూచెను. అటుతరువాత దాని జాడ శాస్త్రజ్ఞులకు తెలియలేదు. 1970వ దశకమున సాలిం అలీ వంటి పక్షిశాస్త్ర పండితులు పాల్గొన్న అన్వేషణలును ఫలించలేదు. ఇక అది నశించియుండునని పెక్కురు తలచిరి.

1985 ప్రాంతమున బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము మరల పూనుకొనినది. భరత్ భూషణ్ అను యువ పరిశోధకుడు కడప జిల్లాకు వచ్చెను. అతడు చేసిన మంచిపని యేమనగా, అడవిలో ఒంటరిగా తిరుగుటతో తృప్తిపడక, పక్షి బొమ్మను పల్లెలలో చూపి అడుగుట. సిద్ధవటము దగ్గరి రెడ్డిపల్లెలో ఐతన్న అనువాడు కలడు. వేటయందు ఆరితేరినవాడు. బొమ్మను గుర్తించి ఆ పక్షిని తానెరుగుదునని చెప్పెను. పండితులు ఎనుబదియైదేండ్లుగా కానని దానిని అతడెరుగుటలో విచిత్రము లేదు. పండితులు వెదకినది ఎక్కువగా పగటివేళ. అతడు అడవికి పోవునది రాత్రివేళ.

1986 జనవరిలో ఒక రాత్రి ఐతన్న టార్చిలైటు వెలుగున కలివికోడిని చూచెను. వెలుగునకు కన్నులు చెదరి అది నిలిచిపోగా పట్టి తెచ్చెను. కలివికోడి జీవించియున్నదని లోకమునకు రూఢియైనది. ఆ పక్షి మాత్రము ఎక్కువ దినములు బ్రతుకలేదు. రక్షింపబోయినవారి చేతులలోనే అది చనిపోవుట బాధాకరమే.

1988లో ఆ కొండలను, చిట్టడవులను శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యముగా ప్రభుత్వము ప్రకటించినది. కాని అడవికి హద్దురాళ్లు నాటినంతమాత్రమున పక్షి నిలువదు. దానికి ఎట్టి చోటు కావలయునో ముందు తెలియవలెను. ఆ పనికి జెగన్నాథన్, ఆంగ్లేయుడైన రీస్ గ్రీన్ మొదలగువారు పూనుకొనిరి. కంటికి కనబడని పక్షిని లెక్కించుటెట్లు? వారు పొదల నడుమ అక్కడక్కడ నేలను చదునుచేసి, మెత్తని మట్టిని పట్టెలుగా పరచిరి. రాత్రి దానిపై నడచినదేదో ఉదయమున దాని అడుగులు చెప్పును. మూడు వ్రేళ్ల గుర్తు కనబడగానే సంబరపడుటకు వీలులేదు. తీతువు అడుగును దాదాపు అట్లే యుండును. కొలతలు తీసి, పోల్చి, నిర్ణయింపవలెను. జంతువు ముందునుండి పోగానే తనంతట చిత్రము తీయు కెమెరాలను పొదలలో అమర్చిరి. సంధ్యవేళ పక్షి చేయు కూతను ధ్వనిముద్రణము చేసి, వేరుచోట్ల వినిపించి, బదులు వచ్చునేమో అని చెవియొగ్గి కూర్చుండిరి. ఎన్నో రాత్రులు బదులు రాలేదు.

ఇంత శ్రమకు దొరికిన ఫలితము సామాన్యమైనది కాదు. పొదలు మరీ దట్టమైనను, మరీ పలుచనైనను కలివికోడి నిలువదు. నడుమ పరుగెత్తుటకు వట్టినేల, దాగుటకు పొద, రెండును కావలెను. కట్టెలకై పొదలు నరికివేసిన యెడల చోటు చెడును. మేత బొత్తిగా ఆగి పొదలు క్రమ్ముకొనినను చెడవచ్చును. కనుక మేకల కాపరులను అడవినుండి వెడలగొట్టిన చాలునను మాట సులభమే కాని, సరియైనది కాదు. చిట్టడవిని బంజరు అని వ్రాసికొను అలవాటు దీనికంటెను పెద్ద ఆపద. బంజరును దున్నుటకుగాని, త్రవ్వుటకుగాని ఎవరును సంకోచింపరు.

అట్టి ఆపద ఒకటి కృష్ణానదీజలముతోనే వచ్చినది. శ్రీశైలమునుండి మద్రాసుకు నీరు కొనిపోవు తెలుగుగంగ కాలువ ఈ ప్రాంతముగుండా సాగవలసియుండెను. 2005లో త్రవ్వకపు యంత్రములు పొదలను పెకలించుచుండగా పరిశోధకులు గమనించి అటవీశాఖవారికి తెలిపిరి. పని నిలిచినది; తరువాత కాలువదారి మార్చబడినది. ఎండిన సీమలకు నీరు అక్కరలేదని ఎవరును అనజాలరు. కాని నీటికి మరియొకదారి దొరికినది. పక్షికి మరియొక చోటు తెలిసియుండలేదు.

2013లో మరియొక సంగతి బయటపడినది. స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు సేకరణలో 1917 నాటి గ్రుడ్డొకటి ఉన్నది. కోలారు ప్రాంతమున పశువైద్యుడుగా పనిచేసిన యొకడు సేకరించినది. దానిని జన్యుపరీక్ష చేయగా కలివికోడి గ్రుడ్డని తేలినది. దాదాపు నూరేండ్లు అది పెట్టెలో ఎవరికిని పట్టక పడియుండెను.

అప్పటికే అడవిలో పక్షి జాడ మరల కరవైనది. మట్టిపట్టెలపై మూడువ్రేళ్ల గుర్తులు లేవు. కూతకు బదులు లేదు. యేండ్లు గడచుకొలది, ఈసారి నిజముగనే పోయినదేమో అను అనుమానము పెరిగినది. 2025 ఆగస్టులో పక్షులను పరిశీలించు కొందరు ఆంధ్రప్రదేశములోని ఒక చిట్టడవిలో రాత్రివేళ ఆ కూతను విని, ధ్వనిముద్రణము చేసికొనిరి. ఐతన్న టార్చివెలుగున పక్షి నిలిచిన రాత్రికి అప్పటికి ముప్పది తొమ్మిది యేండ్లు నిండినవి.