జనానా స్టూడియోకు ఎత్తు గోడలెందుకు?

పాలంపేట రామప్ప గుడికి వెళ్లి, చూరు కింది నల్లరాతి మదనికలను ఫోటో తీయకుండా తిరిగొచ్చేవాళ్లు అరుదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడి గురించి నిజాం రాజ్య పురావస్తు శాఖాధిపతి గులాం యాజ్దానీ రాసిన పుస్తకం 1922లో ఫోటోలతో సహా అచ్చయింది. పాము చుట్టుకున్న మదనికైనా, గైడ్లు ముచ్చటగా చూపించే ఎత్తుమడమల చెప్పుల మదనికైనా కెమెరాకు అడ్డు చెప్పేది లేదు. అదే రాజ్యంలో కలిగిన ముస్లిం ఇళ్ల ఆడవాళ్ల బొమ్మ తీయాలంటే మాత్రం సవాలక్ష షరతులు. ఆ షరతుల మీదే ఒక స్టూడియో పుట్టింది.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపలి వ్యవహారమంతా కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళది. పరదాలో వచ్చినావిడ లోపల పరదా తీసి, నగలు సర్దుకుని నిశ్చింతగా ఫోటో దిగవచ్చు. అయితే ఆ రోజుల్లో ఫోటో తీయడంతో పని అయిపోదు. గాజు ప్లేటును చీకటిగదిలో కడగాలి, కాగితం మీదికి బొమ్మ దించాలి, మచ్చలు దిద్దాలి. తీసేది ఆడమనిషైతే చాలదు, ఆ ప్లేటు ఎవరి చేతుల్లో పడుతుందన్నదీ చూసుకోవాలి. గోడ అవసరం ముఖాన్ని దాచడానికి మాత్రమే కాదు, ఆ ముఖం ఎవరి కంటపడాలో తేల్చడానికి కూడా.

ఈ షరతులు ఆడవాళ్లు పెట్టినవా, ఇంటి మగవాళ్లు పెట్టినవా? ఎక్కువగా మగవాళ్లవే అయి ఉంటాయి. జనానా స్టూడియోను స్త్రీ స్వేచ్ఛకు గుర్తుగా మోసుకు తిరగనక్కర్లేదు. కానీ పరదా తీసిన ఫోటో అంటే స్వేచ్ఛ, వేసుకున్న ఫోటో అంటే అణచివేత అని లెక్క కట్టేవాళ్లు అల్జీరియా ఫోటోలు కూడా చూడాలి. 1960లో ఫ్రెంచి సైన్యం గుర్తింపు కార్డుల కోసం అక్కడి పల్లె ఆడవాళ్ల ముసుగులు బలవంతాన తీయించింది. ఆ ఫోటోలు తీసినవాడు మార్క్ గరాంజే అనే సిపాయి. ముసుగు లేని ఆ ముఖాల్లో కోపం తప్ప మరేమీ లేదు. తర్వాత అతనే వాటిని పుస్తకంగా ప్రపంచం ముందు పెట్టాడు.

ఇలాంటి బొమ్మల చరిత్ర వెనకాల ఉంది కాబట్టే ఇవాళ్టి ముస్లిం మహిళా ఫోటోగ్రాఫర్లు కెమెరా తిప్పి పట్టుకున్నారు. ఇరాన్‌కు చెందిన షాదీ ఘదీరియన్ 1998లో 'కజార్' వరస తీసింది. పందొమ్మిదో శతాబ్దపు స్టూడియో తెర, పాతకాలపు దుస్తులు, కెమెరాను సూటిగా చూసే అమ్మాయి. ఆమె చేతిలో పెప్సీ డబ్బా! మరో ఫోటోలో పెద్ద టేప్‌రికార్డరు. చూడగానే నవ్వొస్తుంది, ఆ వెంటనే ఈమెది ఏ కాలం అన్న అనుమానం పట్టుకుంటుంది. తర్వాతి వరసలో పూల చాదర్ కప్పుకున్న ఆకారాలకు ముఖం ఉండాల్సినచోట ఇస్త్రీపెట్టె, చీపురు, టీకప్పు ఉంటాయి. ముసుగు మీద వాదనలు సాగుతుంటే, ఇంటిచాకిరీ ముఖాన్ని మింగేసిన సంగతి ఎత్తిచూపింది. ఆ ఇస్త్రీపెట్టె ముఖాలు మన ఇళ్లలో బుర్ఖా లేనివాళ్లకూ ఉన్నాయి.

ఈ ఫోటోగ్రాఫర్లలో షిరిన్ నెషాత్ పేరు ఇంకా పెద్దది. 1993 నుంచి 1997 దాకా సాగిన 'విమెన్ ఆఫ్ అల్లా'లో ఆడవాళ్ల ముఖాల మీద, చేతుల మీద పారసీ అక్షరాలుంటాయి, పక్కన తుపాకీ. ఆ లిపి చదవలేనివాళ్లు మతగ్రంథమేమో అనుకుంటారు. చాలావరకు అవి ఫరూగ్ ఫరోఖ్‌జాద్ లాంటి ఆధునిక కవయిత్రుల కవితలు. తెలియకుండానే పొరబడటం ఆ ఫోటోలో భాగమే. అయినా తుపాకీ పాశ్చాత్య గ్యాలరీలకు మరీ సులువుగా అందే వస్తువు. నా ఓటు ఘదీరియన్ పెప్సీ డబ్బాకే.

తెలుగులో ముస్లిం స్త్రీ తన సంగతి తానే చెప్పుకునే పనిని కవిత్వం గట్టిగా అందుకుంది. షాజహానా 'నఖాబ్' అందుకు తెలిసిన ఉదాహరణ. ఫోటో విషయంలో మన ఇబ్బంది వేరు. ఇంటి ఆల్బం గడప దాటదు, దాటాలని కోరడమూ న్యాయం కాదు. అందుకే ఘదీరియన్ ఉపాయం ఇక్కడ పనికొస్తుంది. సొంత ఆల్బం బయటపెట్టక్కర్లేదు, పాత ఫోటో పద్ధతిని తీసుకుని స్నేహితురాళ్లను కూర్చోబెట్టి కొత్తది తీస్తే చాలు. దీన్ దయాళ్ కాలపు కుర్చీ, తెర హైదరాబాద్‌లో దొరకనివేం కావు. ఇకపోతే గాజు ప్లేటు ప్రశ్నే ఇప్పుడు మెమరీ కార్డుకు మారింది. పెళ్లిలో ఆడవాళ్ల వైపు మహిళా ఫోటోగ్రాఫరే కావాలని అడిగే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఎడిటింగ్ ఎవరు చేస్తారు, కార్డు చివరికి ఎవరి దగ్గరుంటుంది అన్నది బయానా ఇచ్చేటప్పుడే తేల్చుకోవాల్సిన మాట.