గడ్డి మందు డబ్బా మీద ఏమి రాసి ఉంది?



మొన్న పొలాల అమావాస్యకు ఇంటికి పోయినప్పుడు మా పత్తి చేను చూసి నాకు దుఃఖం వచ్చింది. ఎకరంన్నరలో ఆకులు వెడల్పు లేకుండ, బెండ ఆకుల్లాగ చీలి, సన్నగా ముడుచుకొని ఉన్నాయి. ఏదో తెగులు తగిలిందని బాపు రెండుసార్లు మందు కొట్టిండు. ఖర్చు అయింది గాని గుణం కనబడలేదు. తర్వాత మా ఊరికి వచ్చిన వ్యవసాయ విస్తరణాధికారి గారు చేను చూసి, "ఇది తెగులు కాదు. ఈ పంపుతో ఇంతకు ముందు ఏం కొట్టిన్రు?" అని అడిగారు.

అప్పుడు తెలిసింది. మక్క చేనులో గడ్డికి 2,4-డి అనే మందు కొట్టిన పంపునే ఒక్కసారి నీళ్ళతో తొలిచి, పత్తిలో పురుగు మందు కొట్టినాము. పంపులో, పైపులో మిగిలిన కొంచెం గడ్డి మందే మా పత్తిని పాడు చేసింది.

ఆ డబ్బాతో వచ్చిన కాగితం గూట్లో మడత విప్పకుండ అట్లనే ఉంది. నేను తీసి చదివిన. పత్తి మీద పడకూడదని తెలుగులోనే రాసి ఉంది! మా ఇంట్లో చదువు వచ్చినది నాకు ఒక్కనికే. మందు కొట్టిన రోజు నేను ఇక్కడ హాస్టల్లో ఉన్న. అందుకే నాకు తెలిసినవి, సైన్సు సారును అడిగి తెలుసుకున్నవి మీ అందరికీ చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

గడ్డి మందు అంటే ఏమిటి?

పైరుతో పాటు మొలిచి, పైరుకు అందవలసిన నీరు, ఎరువు, ఎండ తీసుకునే మొక్కలను కలుపు అంటాము. కలుపును చంపే రసాయనమే కలుపు మందు. మన ఊళ్ళలో గడ్డి మందు అంటరు. పేరుకు మందు గాని ఇది రోగం తగ్గించేది కాదు. ఇది విషం. అన్ని గడ్డి మందులు ఒకే తీరుగా పనిచేయవు. మన దగ్గర ఎక్కువగా వినిపించే మూడింటి సంగతి చూద్దాము.

2,4-డి : ఇది 1940ల నుండి వాడుకలో ఉంది. మొక్కలో పెరుగుదలకు ఆక్సిన్ అనే హార్మోను ఉంటుందని మనం చదువుకున్నాము. ఈ మందు ఆ ఆక్సిన్ లాగ నటిస్తుంది. వెడల్పు ఆకుల మొక్కలు అడ్డదిడ్డంగా పెరిగి, మెలి తిరిగి చనిపోతాయి. వరి, మక్క, జొన్న గడ్డి జాతివి కనుక తట్టుకుంటాయి. పత్తి వెడల్పు ఆకుల మొక్క కనుక అసలు తట్టుకోదు. గాలికి కొట్టుకొచ్చిన తుంపర తగిలినా పాడవుతుంది.

గ్లైఫోసేట్ : ఇది 1974లో అమ్మకానికి వచ్చింది. ఆకు మీద పడి వేరు దాకా దిగుతుంది. మొక్క తనకు కావలసిన కొన్ని అమైనో ఆమ్లాలను తయారు చేసుకోకుండా అడ్డుకుంటుంది. వారం పది రోజులకు మొక్క పసుపు పచ్చబడి ఎండిపోతుంది. మొక్కలో జరిగే ఆ పని మనిషి ఒంట్లో జరగదు, కావున మనిషికి ఏమీ కాదని కొందరు అంటారు. ఇది సగం నిజమే. డబ్బాలో గ్లైఫోసేట్ ఒక్కటే ఉండదు, ఆకుకు అంటుకొనుటకు సబ్బు వంటి రసాయనం కూడా కలుపుతారు. అది కళ్ళకు, చర్మానికి హాని. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నది" అనే వర్గంలో చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ అట్లా కాదని చెప్పింది. పెద్ద శాస్త్రవేత్తలే వాదించుకుంటున్నప్పుడు మనం జాగ్రత్త వైపే ఉండడం మంచిది. మన దేశంలో దీనికి తేయాకు తోటల్లో, పంట లేని చోట మాత్రమే అనుమతి ఇచ్చారు. శిక్షణ, లైసెన్సు పొందిన వారి ద్వారానే వాడించాలని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అయినా పత్తి చేన్లలో కొడుతున్నారు.

పారాక్వాట్ : దీనిని 1962 నుండి అమ్ముతున్నారు. తగిలిన పచ్చని భాగాన్ని ఎండలో ఒకటి రెండు రోజుల్లోనే మాడ్చివేస్తుంది. మనిషి మింగితే దీనికి విరుగుడు లేదు. ఒక్క గుక్క అయినా ప్రాణం తీయగలదు. కేరళ ప్రభుత్వం దీనిని 2011లో నిషేధించింది. యూరప్ దేశాల్లో 2007లోనే దీని వాడకం ఆపివేశారు.

డబ్బా మీది రంగుల గుర్తు

1968లో చేసిన చట్టం, 1971లో చేసిన నిబంధనల ప్రకారం ప్రతి డబ్బా మీద రంగు గుర్తు వేస్తూ వచ్చారు. చదువు రాని వారికి కూడా తెలియాలని ఈ ఏర్పాటు.

ఎరుపు – అత్యంత విషపూరితం
పసుపు – చాలా విషపూరితం
నీలం – మధ్యస్థం
ఆకుపచ్చ – తక్కువ విషం

ఇక్కడ ఒక మోసపోయే సంగతి ఉన్నది. విరుగుడే లేని పారాక్వాట్ మీద ఉండేది ఎరుపు కాదు, పసుపు గుర్తు. ఆకుపచ్చ గుర్తు ఉన్నా అది నీళ్ళు కాదు. కావున రంగు ఒక్కటి చూసి ఊరుకోవద్దు. పేరు, ఏ పంటకు, ఎంత మోతాదు, విరుగుడు ఏమిటి – ఈ నాలుగు తప్పక చదవాలి.

ఒంట్లోకి ఎట్లా పోతుంది?

మందు కొట్టేటప్పుడే ప్రమాదం అని మనం అనుకుంటాము. కాని మూత తీసి కొలిచి కలిపేటప్పుడే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అప్పుడు మందు చిక్కగా ఉంటుంది. నోటి ద్వారా, ముక్కు ద్వారా మాత్రమే గాక చర్మం ద్వారా కూడా లోపలికి పోతుంది. చేతికి పుండు, గీరుడు ఉంటే ఇంకా తొందరగా పోతుంది. పంపు కారి వీపు తడిసినా అదే బట్టతో సాయంత్రం దాకా ఉండేవారు మన ఊళ్ళలో ఎంతో మంది ఉన్నారు.

పెన్‌గంగ అవతల యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూ వందల మంది ఆసుపత్రి పాలయ్యారు, దాదాపు 20 మంది చనిపోయారు. అవి గడ్డి మందులు కావు, పురుగు మందులు. కాని వాళ్ళ వీపు మీది పంపు, తొడుగు లేని చేతులు మన బాపులవి, కాకలవి లాంటివే.

లెక్క తప్పితే

చాలా మంది మందును మూతతో అందాజుగా పోస్తారు. మన లెక్కల సారు చెప్పిన భాగహారం ఇక్కడ పనికి వస్తుంది. ఒక మందు ఎకరానికి 1 లీటరు, నీళ్ళు 200 లీటర్లు అని రాసి ఉందనుకోండి. పంపు 16 లీటర్లది. 200ను 16తో భాగిస్తే 12న్నర పంపులు. 1000 మిల్లీ లీటర్లను 12న్నరతో భాగిస్తే పంపుకు 80 మిల్లీ లీటర్లు. ఇది లెక్క చేసే పద్ధతి మాత్రమే. మీ డబ్బా మీద ఏ అంకె ఉంటే దానితోనే చేయాలి.

ఇంకొక సంగతి. గ్లైఫోసేట్, పారాక్వాట్ రెండూ మట్టికి గట్టిగా అంటుకుంటాయి. వాగులోని బురద నీళ్ళతో కలిపితే మందు ఆ మట్టికే పట్టుకొని గడ్డి చావదు. అప్పుడు "మందు పని చేస్తలేదు" అని ఇంకా ఎక్కువ పోస్తారు. తేట నీళ్ళు వాడితే ఈ బాధ లేదు.

తీసుకోవలసిన జాగ్రత్తలు

1. 18 ఏళ్ళ లోపు పిల్లలు, గర్భిణీ స్త్రీలు, పాలిచ్చే తల్లులు మందు కలపకూడదు, కొట్టకూడదు. మన పని చదివి చెప్పడమే, కొట్టడం కాదు.
2. కొట్టేవారు నిండు చేతుల అంగీ, పొడుగు ప్యాంటు, రబ్బరు చేతి తొడుగులు, బూట్లు, కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు ధరించాలి. చేతితో కలపరాదు, పొడుగు కట్టెతో కలపాలి.
3. గాలికి ఎదురుగా కొట్టరాదు. గాలి లేని ఉదయం పూట మంచిది. వాన వచ్చేటట్లుంటే ఆగాలి.
4. నాజిల్‌లో చెత్త పడితే నోటితో ఊదరాదు. మధ్యలో బీడీ, అంబాకు, అన్నం ముట్టరాదు.
5. గడ్డి మందుకు వేరే పంపు పెట్టుకోవాలి. లేకపోతే సబ్బు పొడి నీళ్ళతో ట్యాంకు, పైపు, నాజిల్ అన్నీ రెండు మూడుసార్లు కడగాలి. అయినా 2,4-డి కొట్టిన పంపును పత్తికి వాడకపోవడమే మేలు. మా చేనే దానికి సాక్ష్యం.
6. పని అయినాక సబ్బుతో స్నానం చేయాలి. ఆ బట్టలు వేరుగా ఉతకాలి.
7. మందును కూల్‌డ్రింకు సీసాలో పోయరాదు. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు పంపులోనే పోసి, డబ్బాకు బొక్కలు పొడవాలి. దానిలో నూనె, నీళ్ళు, ఉప్పు పోసి వాడరాదు.
8. మందు ఇంట్లో పెట్టరాదు. తప్పనిసరి అయితే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. కోపంలోనో బాధలోనో ఉన్న మనిషి చేతికి అందే చోట ఈ విషం ఉండకూడదు. మనలో ఎవరికైనా మనసు బరువుగా ఉంటే దోస్తుకో, సారుకో, వార్డెన్ గారికో చెప్పుకోవాలి. చెప్పుకుంటే బరువు తగ్గుతుంది.

మీద పడితే, మింగితే

చర్మం మీద పడితే తడిసిన బట్టలు వెంటనే తీసివేసి సబ్బుతో బాగా కడగాలి. కంట్లో పడితే తేట నీళ్ళతో కనీసం 15 నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించాలి. మింగితే ఉప్పు నీళ్ళు తాపి కక్కించరాదు. ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా 108కి ఫోను చేయాలి, డబ్బాను వెంట తీసుకుపోవాలి. డబ్బా చూస్తేనే ఏ విషమో డాక్టరుకు తెలుస్తుంది. పారాక్వాట్ మింగిన మనిషి మొదటి రోజు మంచిగానే మాట్లాడవచ్చు. తర్వాత మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బ తింటాయి. కావున "మంచిగనే ఉన్నడు గదా" అని ఇంటి దగ్గర ఉంచరాదు.

వాగుకు, అడవికి కలిగే నష్టం

పంపును వాగులో కడిగితే చేపలకు, కప్ప పిల్లలకు ముప్పు. గ్లైఫోసేట్‌లో కలిపే సబ్బు వంటి రసాయనం కప్ప పిల్లలను చంపగలదు. ఆ వాగులోనే మన ఎడ్లు తాగుతాయి, మనమూ తాగుతాము. పూలు పూసే మొక్కలు గట్ల మీద లేకపోతే తేనెటీగలకు మేత ఉండదు.

ఇంకా ఒక నష్టం ఉంది. మందుకు కలుపు, కూర అనే తేడా తెలియదు. గునుగు కూర, తుమ్మి కూర, పొన్నగంటి, గంగవాయిలి కూర చేన్లలో విత్తకుండానే మొలుస్తాయి. వానాకాలంలో మా అమ్మ ఒడి నిండా తెచ్చేది. ఇప్పుడు మందు కొట్టిన చేనులో తెంపవద్దని అవ్వ చెపుతుంది. అది మంచి మాట. మందు పడిన చోట కూర తెంపరాదు, పశువులను మేపరాదు. ఇప్ప చెట్టు కింద శుభ్రం కావాలని కూడా గడ్డి మందు కొట్టరాదు. అక్కడ రాలిన పువ్వును మనం ఏరుకొని తింటాము.

మందు లేకుండా కాదా?

మన తల్లిదండ్రులను తప్పు పట్టుటకు ఇది రాయడం లేదు. ముసురు పట్టినప్పుడు కైకిలి మనుషులు దొరకరు. దొరికినా కూలి ఎక్కువ. అందుకే డబ్బా కొంటున్నారు. అయితే సాళ్ళు సక్కగా వేసి గుంటుక తోలితే సాళ్ళ నడుమ కలుపు పోతుంది, మొక్క మొదట్లో ఉన్నదే చేతితో తీయవలసి ఉంటుంది. జొన్నలో, పత్తిలో కంది సాళ్ళు వేస్తే నేల కప్పుకొని కలుపు తగ్గుతుంది. విత్తిన మొదటి నెలన్నర కలుపు లేకుండ చూస్తే చాలా వరకు పైరు గెలుస్తుంది. పొలాల అమావాస్యకు ఎద్దులకు పండుగ చేస్తాము, కాని వాటి గుంటుకను మూలకు పడేస్తున్నాము. ఇది కూడా ఆలోచించాలి.

చివరి మాట

మిత్రులారా! ఈసారి ఇంటికి పోయినప్పుడు మూడు పనులు చేద్దాము. ఒకటి, ఇంట్లో ఉన్న డబ్బాల కాగితాలు తీసి బాపుకు, అమ్మకు, పక్కింటి కాకకు గట్టిగా చదివి వినిపిద్దాము. రెండు, డబ్బాలను పొయ్యి దగ్గర నుండి, చిన్న పిల్లల దగ్గర నుండి తీయిద్దాము. మూడు, తెలియనిది ఉంటే రైతుల కోసం ఉన్న కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కి ఫోను చేసి అడుగుదాము. దానికి పైసలు పడవు.

మా పత్తి ఈ ఏడు చేతికి రాదు. ఆ కాగితం చదువుటకు నాకు ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాలు నెల ముందు అయి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. మీ ఇంట్లో అట్లా కావద్దు.

– 9వ తరగతి విద్యార్థి