బండి లేని స్టేషన్‌లో బాపు

2007లో వచ్చిన ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ సినిమా షూటింగ్ కొంత ఓ పాడుబడ్డ రైల్వే స్టేషన్‌లో జరిగింది. అది అమెరికాలోని డెట్రాయిట్‌లో ఉన్న మిషిగన్ సెంట్రల్ స్టేషన్. నేను ఉండే అపార్ట్‌మెంట్ నుంచి కారులో అరగంట. అయినా ఐదేళ్లలో ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదు. 2025 వేసవిలో బాపు వచ్చాకే వెళ్లాను.

బాపు కాజీపేటలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. నయాగరా చూపించాను, మాల్స్ తిప్పాను. అన్నింటికీ ‘మంచిగుంది బిడ్డా’ అనేసి ఊరుకున్నాడు. తనంతట తాను అడిగింది ఒక్కటే: “ఈడ రైల్వే స్టేషన్ లేదా?”

ఉంది. అదీ మామూలు స్టేషన్ కాదు. 1913లో మొదలైంది. వెనక 18 అంతస్తుల టవర్. న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌కి డిజైన్ ఇచ్చిన వాళ్లే దీనికీ ఇచ్చారు. కార్లు పెరిగాయి, రైలు ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. 1988 జనవరిలో చివరి బండి వెళ్లిపోయాక తాళం పడింది. ఆ తర్వాత 30 ఏళ్లు పాడుబడి ఉండిపోయింది. కిటికీలు పోయాయి, కరెంటు తీగలు పోయాయి, సెల్లార్ నిండా నీళ్లు. 2009లో కూల్చేయాలని సిటీ కౌన్సిల్ తీర్మానం కూడా చేసింది. ఎలాగో బతికిపోయింది.

2018లో ఫోర్డ్ కంపెనీ కొన్నది. మూడు వేల మందికి పైగా పనివాళ్లు, ఆరేళ్లు. పాత రాయికి సరిపోయే రాయి కోసం ఇండియానాలో ఎప్పుడో మూసేసిన క్వారీని మళ్లీ తెరిపించారు. 2024 జూన్‌లో డయానా రాస్, ఎమినెమ్ లాంటి డెట్రాయిట్ స్టార్లతో పెద్ద కచేరీ పెట్టి తలుపులు తీశారు.

లోపలికి అడుగుపెట్టగానే బాపు మెడ పైకెత్తి అలాగే నిలబడిపోయాడు. వెయిటింగ్ హాల్ కప్పుకి దాదాపు 29,000 పెంకులు. తర్వాత గోడ దగ్గరికెళ్లి రాతిని తడిమి చూశాడు. పాడుబడ్డ రోజుల్లో కుర్రాళ్లు గోడల మీద గీసిన బొమ్మలు కొన్నిచోట్ల అలాగే ఉంచారు. “గిది తుడువలేదేంది?” అన్నాడు. అది కూడా దీని కథే కదా బాపూ అన్నాను.

బెంచీ మీద పక్కన కూర్చున్న ఓ నల్లజాతి పెద్దావిడ మాట కలిపింది. వాళ్ల నాన్న కార్ల ఫ్యాక్టరీలో పని కోసం అలబామా నుంచి రైల్లో వచ్చి ఇక్కడే దిగాడట. దక్షిణాది నుంచి అలా వచ్చిన నల్లజాతి కుటుంబాలు డెట్రాయిట్‌లో ఎన్నో ఉన్నాయి. “ఇన్నేళ్లూ ఈ వైపు వస్తే మొహం తిప్పుకునేదాన్ని” అంది. నేను తెలుగులో చెబితే బాపు ఆమెకి నమస్తే పెట్టాడు.

ఇక్కడి వాళ్లకి ఈ స్టేషన్ అంటే ఎంత ప్రేమో చెప్పే నిజం సంగతి ఒకటుంది. ఫోర్డ్ కొన్న కొద్ది రోజులకే ఓ అజ్ఞాత వ్యక్తి ఫోన్ చేసి, ఎప్పుడో ఎత్తుకుపోయిన స్టేషన్ గడియారం తిరిగి ఇచ్చేస్తానన్నాడు. చెప్పిన చోటికి వెళ్తే గడియారం ఉంది, మనిషి లేడు. తర్వాత ఇంకొందరు కూడా తమ దగ్గరున్న పాత వస్తువులు తెచ్చిచ్చారు.

అందరూ ఒకేలా లేరు. బయట కార్క్‌టౌన్‌లో కాఫీ ఇచ్చిన కుర్రాడిని అడిగితే, “స్టేషన్ బాగుపడింది, సంతోషమే. మా అద్దె కూడా అలాగే పైకి లేచింది” అని నవ్వాడు. ఈ బాగు ఎవరి కోసం అనే ప్రశ్న ఇక్కడ చాలామంది నోట విన్నాను.

బాపు ప్రశ్న మాత్రం వేరే.

“బండి ఎన్నింటికి?”

నాకేం చెప్పాలో తెలీలేదు. ఇక్కడ ప్యాసింజర్ రైలు ఆగదు. టవర్లో ఆఫీసులున్నాయి, పిల్లలకి కోడింగ్ నేర్పే గూగుల్ ల్యాబ్ ఉంది. షికాగో వెళ్లే రైలు ఎక్కాలంటే కొన్ని మైళ్ల అవతల వేరే చిన్న స్టేషన్‌కి పోవాలి.

బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి రిటైర్డ్ రైల్వే వాళ్ల వాట్సాప్ గ్రూపు తెరిచాడు. ఫిబ్రవరిలో సికింద్రాబాద్ స్టేషన్ పాత ముందు భవనాన్ని కూల్చేటప్పటి ఫొటోలు. 1874లో వాడి నుంచి రైలు వచ్చిన స్టేషన్ అది. రూ.700 కోట్లకు పైగా ఖర్చుతో కొత్తది కడుతున్నారు. ఫొటోల కింద సగం మంది ఏడుపు ఎమోజీలు, సగం మంది ‘ఎయిర్‌పోర్ట్ లెక్కయితది’ అని సంబరం.

“ఆడ బండ్లున్నయ్, పాత బిల్డింగు లేదు. ఈడ బిల్డింగున్నది, బండి లేదు” అన్నాడు బాపు. “రెండూ ఒక్కతాన ఉంచరాదా?”

సికింద్రాబాద్‌లో రోజూ లక్షమందికి పైగా తిరుగుతారు, జాగా కావాలి కదా అన్నాను. కాదనలేదు. కానీ ఇక్కడ 30 ఏళ్లు వానలో నానిన గోడల్నే నిలబెట్టారని చూశాక, ‘పాతది పనికిరాదు’ అనే మాట నాకూ అంత తేలిగ్గా నోట రావట్లేదు.

స్టేషన్ వెనక పట్టాల మీద గూడ్సు మాత్రం ఇప్పటికీ నడుస్తోంది, నది కింద 1910 నాటి సొరంగంలోంచి కెనడాకి. మేం అటు వెళ్లేసరికి ఒకటి వస్తోంది. బాపు నిలబడి వ్యాగన్లు లెక్కపెట్టాడు. చివరిది దాటగానే అలవాటుగా చెయ్యెత్తి ఊపి, వెంటనే నావైపు తిరిగాడు.

“బ్రేక్ వ్యానే లేదు. గార్డు ఏడ కూసుంటడు?”

ఇక్కడ గార్డులు లేరని చెప్పాను. స్టేషన్ పక్కన కొత్త రైలు, బస్సు కేంద్రం కట్టి ప్యాసింజర్ బండ్లు మళ్లీ తెస్తామని ఈ ఏడాదే ప్రకటించారని కూడా చెప్పాను. అప్పుడు కాస్త మొహం విప్పారింది.

“అయితే బండి షురువైనంక చెప్పు బిడ్డా. మళ్లొస్త.”