హల్క్‌కి ఆకుపచ్చ పూసింది ప్రెస్సే!

మీకు తెలుసా? కోపమొస్తే చొక్కా చింపుకుని ఊగిపోయే హల్క్ పుట్టుకతో ఆకుపచ్చవాడు కాదు. 1962 మే నెల పేరుతో వచ్చిన మొదటి సంచికలో అతనిది బూడిదరంగు. ఏ జాతివాడో పోల్చుకోలేని రంగు కావాలని రచయిత స్టాన్ లీ ముచ్చటపడ్డాడు. బూడిదరంగు ప్రెస్సులో సరిగ్గా పడదని రంగుల బాధ్యత చూసే స్టాన్ గోల్డ్‌బర్గ్ ముందే చెప్పాడు. అన్నంతా అయింది. ఒక పేజీలో లేత బూడిద, మరో పేజీలో దాదాపు నలుపు, ఇంకోచోట ఆకుపచ్చ ఛాయ! రెండో సంచికకల్లా ఆకుపచ్చే ఖాయం చేసేశారు. 1986లో బూడిదరంగు హల్క్ మళ్లీ వచ్చాడు. అచ్చులో వచ్చిన తేడా కూడా కథలో భాగమైపోయింది: బూడిదవాడు అదే మనిషిలో దాగిన మరో మనస్తత్వమట! కామిక్స్ వాళ్లకు ఇలాంటి సర్దుబాట్లలో తిరుగులేదు.

ఇంతకీ బూడిదరంగుతో ఏమిటి ఇబ్బంది? ఆ రోజుల్లో రంగులు వేసేవాడి చేతిలో ఉన్న సిరాలు మూడే: పసుపు, ఎరుపు, నీలం. నలుపు గీతల కోసం, అక్షరాల కోసం. ఒక్కో సిరాను నాలుగు రకాలుగా వాడొచ్చు. అసలు లేకుండా, 25 శాతం చుక్కలతో, 50 శాతం చుక్కలతో, లేదా నిండుగా. నాలుగు నాళ్లు పదహారు, పదహారు నాళ్లు అరవై నాలుగు. అమెరికన్ సూపర్‌హీరోల ప్రపంచమంతా దశాబ్దాల తరబడి ఆ 64 రంగుల్లోనే తిరిగింది. బూడిద రావాలంటే మూడు సిరాలూ సమపాళ్లలో పడాలి. చవక న్యూస్‌ప్రింట్ మీద ఏ ఒక్క సిరా కాస్త ఎక్కువ పీల్చుకున్నా రంగు అటువైపు వాలిపోతుంది. హల్క్ విషయంలో జరిగింది అదే.

మీకు తెలుసా? ఆ పుస్తకాల్లో మనం చూసే రంగు కలరిస్టు స్వయంగా వేసినది కాదు. ఆయన పేజీ నకలు మీద నీటిరంగులతో నమూనా వేసి, పక్కన కోడ్ రాసేవాడు. ‘వై2 ఆర్2’ అని ఉంటే తెల్లవాళ్ల ఒంటిరంగు. అంటే పసుపు 25 శాతం, ఎరుపు 25 శాతం. ఆ కాగితాలు కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌కు వెళ్లేవి. అక్కడ ఎక్కువగా ఆడవాళ్లు బల్లల ముందు కూర్చుని, పారదర్శకమైన షీట్లు పేజీ మీద పరిచి, కోడ్ చూసుకుంటూ ఒక్కో భాగాన్నీ కుంచెతో నింపేవారు. సిరాకు మూడు షీట్లు, మూడు సిరాలకు తొమ్మిది. ఒక్క పేజీకే ఇంత చాకిరీ! పుస్తకంలో మాత్రం వాళ్ల పేరు ఎక్కడా పడేది కాదు. రచయితకు, బొమ్మలు వేసినవాడికి, చివరికి అక్షరాలు రాసినవాడికి కూడా పేరు దక్కింది. పేజీ పేజీకీ రంగు నింపిన చేతులకు దక్కలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక రంగే లేని దినపత్రికలో వెలుగునీడలు ఎలా? టెక్సాస్‌లో పుట్టిన రాయ్ క్రేన్ దీనికో చిట్కా పట్టాడు. 1943లో మొదలైన ఆయన ‘బజ్ సాయర్’ స్ట్రిప్ చూడండి. నల్ల సిరా ఒక్కటే, అయినా సముద్రం మీద సాయంకాలపు మసక స్పష్టంగా తెలుస్తుంది. ఆయన వాడింది డబుల్‌టోన్ అనే అట్ట. చూడ్డానికి మామూలు తెల్ల అట్టే. లోపల కంటికి కనబడని సన్నగీతలు రెండు వరసలుగా అచ్చువేసి ఉంటాయి. ముందు ఇండియన్ ఇంకుతో బొమ్మ గీసుకోవాలి. తర్వాత ఒక రసాయనంలో కుంచె ముంచి రాస్తే, రాసిన మేర లేత గీతలు పైకి తేలతాయి. రెండో రసాయనం రాస్తే అడ్డగీతలు కూడా వచ్చి నీడ చిక్కబడుతుంది. ఒకసారి తేలిన గీతను వెనక్కి పంపలేం కాబట్టి, కుంచె ఎక్కడ ఆపాలో ముందే తెలిసి ఉండాలి. ఈ అట్ట చాలామంది వాడారు. క్రేన్‌లా వాతావరణం పుట్టించినవాళ్లు తక్కువ.

జపాన్ మాంగా ఆర్టిస్టులది మరో దారి. చుక్కలు అచ్చేసిన పలచటి జిగురు షీటును బొమ్మ మీద అతికించి, అక్కర్లేనిచోట బ్లేడుతో కోసి తీసేస్తారు. అసలు పనితనం ఆ తర్వాత. అతికిన షీటు మీద చుక్కలను కత్తిమొనతో గీకితే మబ్బు అంచు మెత్తగా కరిగినట్టు వస్తుంది. ఒక షీటు మీద మరొకటి కాస్త వంకరగా పడిందో, కోరని డిజైన్లు తేలి కళ్లు జిగేల్‌మంటాయి!

మీకు తెలుసా? టిన్‌టిన్ రంగుల్లోకి మారడంలో కాగితం కరువుకూ వాటా ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో బెల్జియం జర్మన్ల చేతిలో ఉంది. వంద పేజీలు దాటే నలుపు తెలుపు ఆల్బమ్‌లు వేయడానికి కాగితం దొరకడం లేదు. ప్రచురణకర్త కాస్టర్‌మన్ 62 పేజీలకు కుదించి రంగుల్లో వేద్దామన్నాడు. 1942లో వచ్చిన ‘ది షూటింగ్ స్టార్’తో అది మొదలైంది. టిన్‌టిన్ సృష్టికర్త హెర్జే ఒక నియమం పెట్టుకున్నాడు: రంగు చదునుగా ఉండాలి, నీడలు వద్దు, గీతే రాజు. అందుకు పద్ధతి కూడా ఇంపుగా ఉంటుంది. బొమ్మను లేత నీలంలో కాగితం మీద అచ్చువేసి, దాని మీద రంగులు వేస్తారు. నల్లగీత వేరే పారదర్శక ఫిల్మ్ మీద ఉంటుంది. రెండూ కలిసేది అచ్చులోనే. రంగు మారినా గీత చెక్కుచెదరదు. పాత కథలన్నిటినీ ఈ కొలతకు తేవడం మాత్రం ఏళ్ల పని అయింది. ‘ది బ్లాక్ ఐలాండ్’ ఒక్కటే 1938లో, 1943లో, 1966లో మూడు అవతారాలెత్తింది.

ఈ గీతకూ రంగుకూ మధ్య గోడను పడగొట్టినవాడు ఫ్రాన్స్‌కు చెందిన జాన్ జిరో. ‘బ్లూబెర్రీ’ అనే కౌబాయ్ కథలతో అప్పటికే పేరున్నవాడు. మోబియస్ అనే కలంపేరుతో మాత్రం పూర్తిగా వేరే మనిషి. 1975లో ‘మెటల్ యూర్లాఁ’ పత్రికలో వచ్చిన ‘ఆర్జాక్’ బొమ్మలకు ఆయన నేరుగా అసలు పేజీ మీదే రంగు వేశాడు. అక్కడ చేయి జారితే గీత, రంగు రెండూ పోతాయి. దక్కిన ఫలితం కూడా అంత పెద్దదే. ఆకాశం, రాయి, రెక్కల జంతువు అన్నీ ఒకే చేతి రాతలా కలిసిపోయాయి. కథలో ఒక్క మాట కూడా లేదు. తమాషా ఏమిటంటే, శీర్షిక స్పెల్లింగ్ కూడా ఒక్కో భాగంలో ఒక్కోలా ఉంటుంది!

రంగుతో పాత్రల స్వభావం చెప్పించిన పుస్తకం డేవిడ్ మాజుకెల్లి ‘ఆస్టెరియోస్ పాలిప్’ (2009). హీరో తర్కం మనిషి. అతన్ని నీలం రంగు జామెట్రీ గీతల్లో గీస్తాడు. అతని భార్యను గులాబీరంగు మెత్తటి సన్నగీతల్లో. ఇద్దరూ దగ్గరైనప్పుడు రెండు శైలులూ ఒకదాన్లోకొకటి పాకుతాయి. గొడవ రాగానే ఎవరి రంగులోకి వాళ్లు!

నన్నడిగితే వీటన్నిటికన్నా సాహసం మన దేశంలోనే జరిగింది. 2011లో నవయాన ప్రచురించిన ‘భీమాయణ’ అంబేడ్కర్ జీవితకథ. రచన శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్. బొమ్మలు వేసిన దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండు చిత్రకారులు. మన ఆదిలాబాద్‌లో కిక్రి వాయిస్తూ గోండుల వంశగాథలు పాడే పర్ధాన్‌ల పేరు వినే ఉంటారు, ఆ సముదాయమే. కామిక్ అనగానే గళ్లు గుర్తొస్తాయి కదా, వీళ్లు గళ్లే వద్దన్నారు. మనుషులను డబ్బాల్లో బిగించడం తమ కళకు పడదన్నారు. ఇళ్ల గోడల మీద, నేల మీద వేసుకునే ‘దిగ్నా’ అనే ముగ్గుల్లాంటి డిజైన్లను పేజీ అంతా పారనిచ్చి, వాటితోనే సన్నివేశాలను విడదీశారు. మాటల బుడగలు కూడా మారిపోయాయి. మెత్తటి మాట పిట్ట ఆకారంలో ఉంటుంది. కులగర్వంతో విషం కక్కే మాటకు తేలుకొండి ఉంటుంది. మనసులో మాటకు గుర్తుగా ఒక కన్ను. చదవడం రాని పిల్లాడికి కూడా ఎవరు కుడుతున్నారో తెలిసిపోతుంది. దాహంతో నీళ్లడిగే చిన్నారి భీమ్ ఒళ్లు చేపగా మారుతుంది. మహాద్ చెరువు దగ్గర అంబేడ్కర్ ఉపన్యసిస్తుంటే మైకు గొట్టాలు జనం మీద నీళ్లు చిలకరిస్తాయి. నీటి హక్కు కోసం జరిగిన పోరాటాన్ని ఇంతకన్నా సూటిగా బొమ్మలో చెప్పడం నేను చూడలేదు.

చివరగా కంప్యూటర్ సంగతి. మ్యాకింటాష్ మీద గీసి అచ్చువేసిన తొలి కామిక్‌గా పేరు పొందిన ‘షాటర్’ 1985లో వచ్చింది. మైక్ సేంజ్ చిన్న నలుపు తెలుపు తెర మీద, మౌసుతో చుక్క చుక్కా పేర్చి బొమ్మలు గీశాడు. తెర వెడల్పు మొత్తం 512 చుక్కలే. భవిష్యత్తు వచ్చేసిందని అందరూ అబ్బురపడ్డారు. ఆ పేజీలను ప్రింటర్ మీద తీసి, రంగులు మాత్రం పాత పద్ధతిలో కుంచెతోనే వేయించారు.