యోహాను సువార్తయందలి వాక్యశబ్దార్థవిచారము

తెలుగు బైబిలునందు యోహాను సువార్త మొదటి వచనమున "వాక్యము" అను శబ్దము ముమ్మాఱు ప్రయుక్తమైనది. కొడిమ్యాల మొదలగు మా ప్రాంతపు గ్రామములలో క్రైస్తవబాలురు దీని యర్థమును తెలుగు పండితుని నడుగుట కలదు. వైయాకరణులు కొందఱు దీనిని భర్తృహరి చెప్పిన శబ్దబ్రహ్మమే యందురు. మఱికొందఱు సుబంత తిఙంతముల సముదాయమే కదా యని త్రోసివైతురు. పరీక్షింపక యంగీకరించుటయు, పరీక్షింపక నిరాకరించుటయు సమానదోషములే. అడుగువాడు దానిని దైవవాక్కుగా నమ్మినవాడు, చెప్పువాడు బోధకుడు. కావున నిచ్చట నుపేక్ష తగదు.

విశాఖపట్టణమున డెగ్రాంజిస్ దొర ఆనందరాయరను పండితుని సాహాయ్యమున తెలిగించిన సువార్తలు 1812లో శ్రీరామపురమున ముద్రితములయ్యెను. సమగ్రగ్రంథము 1854లో వెలువడినది. ఇట్టి యనువాదకుల కెదురైన గ్రీకుపదము "లోగొస్". మాట, ప్రసంగము, హేతువు, వివేకము అని దాని కనేకార్థములు. పదమన్నచో నేకదేశము, శబ్దమన్నచో ధ్వనిమాత్రము, వాక్యమన్నచో సంపూర్ణార్థబోధకము. కావున నీ యెన్నిక సాధువు. ఆదికాండమున దేవుడు పలుకగా వెలుగు కలిగెను. హెబ్రీభాషలో "దాబార్" అనునది మాటను, కార్యమును గూడ దెలుపును. తెలుగున నీ రెండు గ్రంథములును "ఆదియందు" అను పదముతోడనే ప్రారంభమగుట గమనింపదగును.

ఇక లింగవిచారము. గ్రీకున లోగొస్ పుంలింగము. కావున రెండవ వచనమునందలి సర్వనామము పుంలింగమగుట వ్యాకరణమాత్రసిద్ధము. తెలుగున వాక్యశబ్ద మమహద్వాచకము. "ఉండెను" అను క్రియ మహదమహత్తులకు సాధారణమగుటచే మొదటి వచనమున భేదము తోపదు. రెండవ వచనమున "ఆయన" అను మహద్వాచకము వచ్చినతోడనే యిది వ్యక్తిపరమని తేటపడును. మూలమున పదునాలుగవ వచనము వఱకు నిగూఢముగా నున్న విషయము తెలుగున ముందే వ్యక్తమైనది.

ఉద్దేశ్యవిధేయములను గూడ నరయవలెను. వాక్యము దేవుని యొద్ద నుండెననుచోట గ్రీకున దేవశబ్దమునకు నిర్దేశకోపపదము కలదు. వాక్యము దేవుడనుచోట లేదు. అచ్చట వాక్యము ఉద్దేశ్యము, దేవత్వము విధేయము. ఇందుచే సంబంధము, స్వరూపము రెండును చెప్పబడినవి.

తాత్పర్యనిర్ణయమునకు మీమాంసకులు చెప్పిన షడ్విధలింగములు మనకు సుపరిచితములు. వానిని యోజించిన నిట్లు తేలును. ఉపక్రమము వాక్యము దేవుడనుట. ఉపసంహారము 20వ యధ్యాయము 28వ వచనమున తోమా క్రీస్తును ప్రభువని, దేవుడని యొప్పుకొనుట. జీవాహారము, వెలుగు, ద్వారము, మంచి కాపరి, పునరుత్థానము, మార్గము, ద్రాక్షావల్లి నేనే యని పలుమాఱు చెప్పుట అభ్యాసము. వాక్యము శరీరధారి యగుట అపూర్వత. విశ్వసించినవారికి జీవము కలుగుట ఫలము. ఇది 20వ యధ్యాయము 31వ వచనమున కంఠోక్తము. స్నానికుడగు యోహాను సాక్ష్యము అర్థవాదము. సూచకక్రియలు ఉపపత్తి. 1వ యధ్యాయము 14వ వచనము తరువాత నీ సువార్తలో వాక్యశబ్దము క్రీస్తునకు నామముగా మరల రాదు. కావున పదమొక్కటి పట్టుకొని తర్కించుట చాలదు, గ్రంథమంతయు చూడవలెను.

శబ్దబ్రహ్మవాదముతో సామ్యమెంత? వాక్కు జగత్తునకు పూర్వమనుటలో సామ్యము కలదు. కాని భర్తృహరిమతమున జగత్తు శబ్దతత్త్వముయొక్క వివర్తము. సువార్తలో సమస్తము "ఆయన మూలముగా" కలిగినది. ఆయనయే సమస్తముగా మాఱలేదు. మూలమునందలి విభక్త్యర్థము ద్వారమును దెలుపునే కాని యుపాదానమును దెలుపదు. మఱియు శరీరధారణ మాభాసము కాదు. ఆకలిదప్పులు, కన్నీరు, మరణము గల నిజశరీరమే.

కావున వాక్యశబ్దమును పాఠము చెప్పునపుడు సామ్యమును చూపి యూరకుండరాదు. భేదమును గూడ చెప్పవలెను. సామ్యమాత్రము చెప్పిన విద్యార్థి తన గ్రంథమును కోల్పోవును. భేదమాత్రము చెప్పిన మన శాస్త్రము వానికి పరాయి దగును. ఉభయమును తెలిసి చెప్పుటయే పండితధర్మము.