గాలం వేసేవారికి ఒక మనవి

వానలు పడి చెరువు నిండితే చాలు, మన పల్లెల్లో చిన్నాపెద్దా వెదురు కర్రకు నైలాన్ దారం కట్టి గట్టుకు చేరతారు. ఖర్చు లేని సరదా, దొరికితే కూర కూడాను! చెరువు పాటకు తీసుకున్నవారిని ముందుగా అడగడం మర్యాద.

మేము చూసినంతలో ఉదయం, సాయంకాలం చేపలు బాగా ఎర అందుకుంటాయి. మిట్టమధ్యాహ్నం కూర్చుంటే తలనొప్పే మిగులుతుంది. జెల్లకు వానపాము, శీలావతికి తవుడు కలిపిన పిండిముద్ద మేలు. బెండు కదలగానే తొందరపడకండి. పూర్తిగా మునిగాక లాగండి. జెల్లను గుడ్డతో పట్టుకొని విప్పాలి. దాని రెక్కల ముళ్లు గుచ్చుకుంటే చెయ్యి చాలాసేపు సలుపుతుంది.

కొర్రమీను విషయంలో మాత్రం ప్రియ పాఠకులను బతిమాలుకుంటున్నాము. వానకాలంలో నీటిపైన ఎర్రని చిన్న పిల్లలు గుంపుగా తిరుగుతుంటే, కింద పెద్ద చేపలు కాపలా ఉన్నాయన్నమాట. అక్కడ కప్పను ఎరగా వేస్తే అవి ఆకలితో కాదు, పిల్లలను కాపాడుకోవాలనే మీద పడతాయి. సులువుగా చిక్కుతాయి గనుకనే కొందరు ఆ గుంపు కోసమే వెదుకుతారు. పెద్దవి పోతే పిల్లలు కొంగలకూ ఇతర చేపలకూ ఆహారమైపోతాయి. వచ్చే ఏడు గాలానికి ఏమి పడుతుంది? ఆ గుంపు కనబడితే దూరంగా వెళ్లి కూర్చోండి. తెలియక పట్టినా తడిచేత్తో గాలం విప్పి అక్కడే వదలండి. కొర్రమీను గాలి కూడా పీలుస్తుంది గనుక, ఆ కాస్త ఆలస్యానికి చావదు.