ఏ తరగతి మార్కులు ఎక్కడ లెక్కకు వస్తాయి?

4.1 పరిచయం

ఈ కోర్సులో చేరేటప్పుడు మీకు మార్కుల పోటీ ఎదురై ఉండకపోవచ్చు. కానీ మీ ఇంట్లో పదో తరగతో ఇంటరో చదివే తమ్ముడో, చెల్లెలో, బిడ్డో ఉంటే వారి సంగతి వేరు. ఏ సబ్జెక్టు ఎక్కడ లెక్కకు వస్తుందో తెలియకపోతే అందాల్సిన సీటు చేజారిపోవచ్చు. ఈ భాగం చదివాక రెండు రకాల మార్కులను మీరు వేరుచేసి చూడగలుగుతారు: అర్హతకు మాత్రమే చూసే మార్కులు, ర్యాంకులో కలిసే మార్కులు.

4.2 పదో తరగతి: ఆరు సబ్జెక్టులూ సమానమే

రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. దీన్నే మనం ట్రిపుల్ ఐటీ అంటాం. ఇందులో ఆరేళ్ల సమీకృత కోర్సుకు పదో తరగతి ప్రతిభే ఆధారం. 2012 నుంచి కొన్నేళ్లపాటు పదో తరగతి ఫలితాలను జీపీఏలో ఇచ్చారు. ఆరు సబ్జెక్టుల గ్రేడు పాయింట్లను కూడి ఆరుతో భాగిస్తే వచ్చేదే జీపీఏ. ఒక విద్యార్థికి అయిదింటిలో 10, సాంఘిక శాస్త్రంలో 7 వచ్చాయనుకోండి. మొత్తం 57, జీపీఏ 9.5. "ఇంజనీరింగుకు సాంఘికం ఎందుకు?" అని పక్కన పెట్టినందుకు అర పాయింటు పోయింది.

ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి అప్పట్లో 0.4 కలిపేవారు. అంటే బైరెడ్డిపల్లె ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో 9.3 తెచ్చుకున్న విద్యార్థి 9.7తో లెక్కకు వచ్చి, ప్రైవేటు పాఠశాలలో 9.6 తెచ్చుకున్న విద్యార్థి కంటే ముందుంటాడు. 2022 ఫలితాల నుంచి ఆంధ్రప్రదేశ్‌లో జీపీఏ స్థానంలో మళ్లీ మార్కులు వచ్చాయి.

4.3 ఇంటర్మీడియట్: గ్రూపు సబ్జెక్టులే

ఏపీ ఈఏపీసెట్ ఇంజనీరింగ్ ర్యాంకులో పరీక్షకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. గణితం, భౌతికం, రసాయనం కలుస్తాయి. ఇంగ్లీషు, ద్వితీయ భాష కలవవు. అలాగని భాషలను వదిలేయకూడదు. వాటిలో తప్పితే ఇంటరే పూర్తికాదు.

ఇద్దరు విద్యార్థులను పోల్చి చూడండి. పరీక్ష 160 మార్కులకు.

మొదటి విద్యార్థి: పరీక్షలో 80, ఇంటర్ గ్రూపులో 90 శాతం. 37.5 + 22.5 = 60.
రెండో విద్యార్థి: పరీక్షలో 92, ఇంటర్ గ్రూపులో 65 శాతం. 43.125 + 16.25 = 59.375.

పరీక్షలో 12 మార్కులు ఎక్కువ వచ్చినా రెండో విద్యార్థి వెనకబడ్డాడు. తెలంగాణ 2023లో ఈ వెయిటేజీని తొలగించింది. అక్కడ ఇదే ఇద్దరి స్థానాలు తారుమారవుతాయి.

4.4 సరిహద్దు దాటితే

బైరెడ్డిపల్లె చిత్తూరు జిల్లాలో కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు దగ్గరగా ఉంది. అటువైపు కోలారు, కృష్ణగిరి జిల్లాల్లోనూ తెలుగు కుటుంబాలున్నాయి. బంధువుల పిల్లల మాట విని మన పిల్లలు అయోమయపడేది ఇక్కడే. కర్ణాటకలో ఇంజనీరింగ్ ర్యాంకుకు ప్రవేశ పరీక్ష సగం, రెండో సంవత్సరం పీయూసీలోని గణితం, భౌతికం, రసాయనం సగం. తమిళనాడులో 2007 నుంచి ఇంజనీరింగుకు రాష్ట్ర ప్రవేశ పరీక్షే లేదు. పన్నెండో తరగతి గణితాన్ని 100కు, భౌతిక, రసాయన శాస్త్రాలను చెరి 50కి కుదించి, మొత్తం 200కు లెక్కిస్తారు.

జాతీయ స్థాయిలో జేఈఈ మెయిన్ ర్యాంకుకు 2013 నుంచి 2016 వరకు పన్నెండో తరగతి మార్కులను 40 శాతం కలిపారు. 2017లో ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు ఎన్ఐటీలలో చేరడానికి అవి అర్హతకే పనికొస్తాయి: 75 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 65) ఉండాలి, లేదా తమ బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో ఉండాలి.

4.5 సారాంశం

ఒకే మార్కుల మెమోను ఒక్కో ప్రవేశ విధానం ఒక్కో రకంగా చదువుతుంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటనలో మూడు విషయాలు చూడండి: ఏ తరగతి, ఏ సబ్జెక్టులు, అర్హతకా ర్యాంకుకా. పరీక్షలయ్యాక కాదు, సంవత్సరం మొదట్లోనే చూడాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పై ఇద్దరిలో రెండో విద్యార్థి మొదటివారిని దాటాలంటే ఇంటర్ గ్రూపులో కనీసం ఎంత శాతం దాటాలి? (జవాబు: 67.5)
2. మీకు తెలిసిన ఒక విద్యార్థి మెమో తీసుకుని, ఈఏపీసెట్‌లో కలిసే సబ్జెక్టులను, కలవనివాటిని వేర్వేరుగా రాయండి.